అలాస్కా గ్లేషియర్ పడవలు: నాలుగు గంటల టికెట్టా, ఆరు గంటలదా?

తిరుపతిలో ఎండలు ముదిరేసరికి, అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు ఒక్కొక్కటిగా తాళాలు పడతాయి. నయాగరా, గ్రాండ్ కాన్యన్ చూసేసిన పెద్దవాళ్లకు మిగిలే పెద్ద ట్రిప్పు అలాస్కా. టికెట్లు బుక్ చేసేది కొడుకో కోడలో. పడవలో ఊగేది మాత్రం మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్ల వాళ్లు. వెబ్‌సైట్లు తెరిస్తే అన్ని టూర్ల ఫొటోలూ ఒకే తీరు: వెనక గ్లేషియర్ (కొండమీంచి మెల్లగా జారే మంచునది) నీలం గోడ, ముందు తిమింగలం తోక. ఫొటో చూసి టికెట్ కొంటే సగం మంది మోసపోయేది ఇక్కడే. పడవ ఎక్కడిదాకా పోయి వెనక్కి తిరుగుతుందో చూసి కొనాలి.

ముందు ఊరి సంగతి. మంచు, సముద్ర జంతువులు రెండూ ఒకే రోజులో కావాలంటే సూవర్డ్ ఊరిని మించింది లేదు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి మనం సీవార్డ్ అంటాం, అక్కడివాళ్లు అనేది సూవర్డ్. 1867లో రష్యా దగ్గర అలాస్కాను 72 లక్షల డాలర్లకు బేరమాడి కొన్న అమెరికా మంత్రి పేరది. అలాస్కాలోని పెద్ద నగరం యాంకరేజ్ నుంచి 200 కిలోమీటర్లు. తిరుపతిలో బయల్దేరి కోలారు దాటినంత దూరం. కారులో రెండున్నర గంటలంటారు, మూడున్నర పెట్టుకోండి. దారిలో గిర్డ్‌వుడ్ దగ్గర పెట్రోలు పోయించుకోవాలి, ఆ తర్వాత బంకులు పెద్దగా ఉండవు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. కుడిపక్కన టర్నగెయిన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ, ఆటు సమయంలో బూడిదరంగు బురద మైదానంలా చదునుగా కనిపిస్తుంది. ఫొటో కోసం దానిమీదికి దిగొద్దు. కాలు కూరుకుపోతే ఊడి రాదు, పోటు నీళ్లు వచ్చేస్తాయి.

సూవర్డ్ రేవులో కీనై ఫియర్డ్స్ టూర్స్, మేజర్ మెరైన్ టూర్స్ అని రెండు పెద్ద కంపెనీలున్నాయి. ఏది మంచిదని అందరూ అడుగుతారు. రెండూ అవే నీళ్లలో, దాదాపు అవే దారుల్లో తిరుగుతాయి. కంపెనీని బట్టి కాదు, గంటల్ని బట్టి ఎంచుకోవాలి.

నాలుగు గంటల అటూఇటూ ఉండే సగం రోజు టూరు ఊరి ముందున్న రెసరెక్షన్ బే అనే సముద్రపు పాయను దాటదు. సముద్రపు ఒట్టర్లు (నీటికుక్కలు), సీ లయన్లు (సముద్ర సింహాలు), గద్దలు, అదృష్టం బాగుంటే తిమింగలం. గ్లేషియర్ కూడా ‘చూపిస్తాం’ అంటారు. చూపిస్తారు, కాదనలేం. బేర్ గ్లేషియర్ దూరంగా తెల్లటి చారలా కనిపిస్తుంది. దాని ముందు మడుగు, మడుగు ముందు గులకరాళ్ల గట్టు, గట్టు ఇవతల మన పడవ. మంచు విరిగి సముద్రంలో పడేది ఈ టికెట్‌లో లేదు. అలా నేరుగా సముద్రంలో దిగే గ్లేషియర్‌ను టైడ్‌వాటర్ గ్లేషియర్ అంటారు. టూర్ వివరాల్లో ఈ మాట ఉందా లేదా అన్నదొక్కటే చూడండి. ‘గ్లేషియర్ వ్యూస్’ అని మాత్రమే రాసుంటే అది దూరపు దర్శనమే. జయ విజయుల దగ్గర్నుంచే దండం పెట్టుకుని తిరిగొచ్చినట్టు. ఐదేళ్లలోపు పిల్లలుంటే ఇది సరిపోతుంది. మంచు కోసమే అంత దూరం పోయినవాళ్లకు డబ్బు దండగ.

ఆరు గంటల టూరే మా ఓటు. రెసరెక్షన్ బే దాటి, ఐయాలిక్ కేప్ (సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొన) చుట్టి, ఐయాలిక్ బేలోకి పోతుంది. అక్కడ హోల్‌గేట్ గానీ ఐయాలిక్ గానీ, రెండు టైడ్‌వాటర్ గ్లేషియర్లలో ఒకదాని ముందు ఆగుతుంది. పోతూనో వస్తూనో చిస్‌వెల్ దీవులు తగులుతాయి. పఫిన్ పక్షులు, సీ లయన్లు అక్కడే. మనిషికి 200 డాలర్లు దాటుతుంది, పన్నులూ ఫీజులూ వేరే. నలుగురికి లెక్కేస్తే గుండె గుభేలుమంటుంది. కానీ నాలుగు గంటల టికెట్‌కూ దీనికీ ఉన్న తేడా డబ్బుకు, కళ్లముందు మంచుకొండ విరగడం చూడవచ్చు.

ఎనిమిదిన్నర, తొమ్మిది గంటల టూర్లు ఇంకా లోపలికి, నార్త్‌వెస్టర్న్ ఫియర్డ్ అనే ఇరుకైన సముద్రపు పాయ దాకా పోతాయి. అక్కడ పడవల రద్దీ తక్కువ, గ్లేషియర్లు ఎక్కువ, మంచు ముక్కల మీద పడుకున్న సీల్స్ ఎక్కువ. పెద్ద కెమెరాలు మోసేవాళ్లకు ఇదే సరైనది. ఊగుడు మాత్రం ఇంకో మూడు గంటలు అదనం. అరవై దాటినవాళ్లను మొదటిసారే దీనికి ఎక్కించడం అనవసరం.

రైలు సంగతి కలిపి ఆలోచించాలి. యాంకరేజ్ నుంచి సూవర్డ్‌కు వేసవిలో నడిచే కోస్టల్ క్లాసిక్ రైలు పొద్దున 6:45కి బయల్దేరి 11 దాటాక చేరుతుంది, సాయంత్రం 6కి తిరుగు ప్రయాణం. మధ్యలో సరిగ్గా ఆరు గంటల టూరే పడుతుంది. రైలు వచ్చాక కదిలే పడవలు కూడా ఉంటాయి, ఆ ఏడాది టైంటేబుల్ చూసి రెండూ పక్కపక్కన పెట్టుకుని బుక్ చేయండి. తొమ్మిది గంటల టూరు కావాలంటే ముందురోజు రాత్రి సూవర్డ్‌లో బస తప్పదు.

ఇక అసలు ప్రశ్న, వాంతులు. దీనికి మన దగ్గరే ఒక పరీక్ష ఉంది. తిరుమల నుంచి పాత ఘాట్‌లో దిగేటప్పుడు ఆ మనిషి ఏం చేస్తారు? కిటికీ పక్కన కూర్చుని కబుర్లు చెబితే సూవర్డ్ టికెట్ కొనండి. నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుంటే మాత్రతో కొనండి. కవరు పట్టుకునే కారెక్కే మనిషైతే సూవర్డ్ ఆలోచనే వద్దు. రెసరెక్షన్ బేలో నీళ్లు ఒద్దికగా ఉంటాయి, తొలి గంట అందరూ ఫొటోలు దిగుతుంటారు. కేప్ దగ్గరికొచ్చేసరికి ఎదురుగా అడ్డేమీ లేని గల్ఫ్ ఆఫ్ అలాస్కా. అక్కణ్నుంచి ఐయాలిక్ బే లోపలికి తిరిగేదాకా అలలు పక్కనుంచి తగులుతాయి. ‘పులికాట్‌లో పడవెక్కితే ఏం కాలేదు కదా’ అన్న ధైర్యం ఇక్కడ చెల్లదు. పులికాట్ చాలాచోట్ల మనిషి లోతు లేని సరస్సు.

మాత్ర పడవెక్కాక వేసుకుంటే పనిచేయదు. కడుపులో తిప్పడం మొదలయ్యాక లోపలికి పోయిన మాత్ర బయటికే వస్తుంది. మన మందుల షాపుల్లో దొరికే అవోమిన్ బయల్దేరడానికి గంట, రెండు గంటల ముందు పడాలి. అది మత్తు తెస్తుంది, తిమింగలం వచ్చినప్పుడు నాన్న గురక పెడుతుంటారు. అమెరికా షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చే మెక్లిజిన్‌తో మత్తు కాస్త తక్కువ. గ్లకోమా, ప్రొస్టేట్ సమస్య ఉన్నవాళ్లు ఈ రెండిట్లో ఏది వేసుకోవాలన్నా ఊళ్లో ఉండగానే డాక్టర్‌ను అడిగి పెట్టుకోవాలి. ఖాళీ కడుపు కూడా తప్పే. పొద్దున రెండు ఇడ్లీలో, రెండు బ్రెడ్డు ముక్కలో తిని ఎక్కాలి. పూరీలు, గారెలు తినకూడదు. పడవలో కింది అంతస్తు, మధ్యకు కాస్త వెనక, కిటికీ పక్కన ఊగుడు తక్కువ. ముక్కు దగ్గరా పై అంతస్తులోనూ ఎక్కువ. తిప్పుతున్నట్టనిపిస్తే ఫోన్ జేబులో పెట్టి, వెనక డెక్ మీద గాలికి నిలబడి, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూడాలి. బాత్‌రూంలోకి దూరి తలుపేసుకోవడం అందరూ చేసే పని, అదే అన్నిటికన్నా చెడ్డ చోటు.

కవరు బాపతు మనుషులకు విట్టియర్ ఉంది. యాంకరేజ్ నుంచి దాదాపు 95 కిలోమీటర్లు, తిరుపతి–చిత్తూరు కన్నా ఎక్కువే. అక్కణ్నుంచి ఫిలిప్స్ క్రూజెస్ వాళ్ల ‘26 గ్లేషియర్స్’ టూరు ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయలో ఐదు గంటల అటూఇటూ తిరుగుతుంది. చుట్టూ కొండలు గోడల్లా నిలబడటంతో నీళ్లు చెరువులా ఉంటాయి, పడవ రెండు పొట్టల కాటమరాన్ కాబట్టి పక్కలకు పెద్దగా ఒరగదు. మంచు కావలసినంత. జంతువుల లెక్కలో మాత్రం సూవర్డ్‌తో తూగదు. ఒట్టర్లు, సీల్స్, కొండచరియ నిండా కిట్టివేక్ పక్షులు ఉంటాయి. పఫిన్లూ తిమింగలాలూ అక్కడ అంత నమ్మకం కాదు.

విట్టియర్‌లో చిక్కు సొరంగంతో. 4 కిలోమీటర్ల ఒంటి దారి, కార్లూ రైలూ అందులోంచే. యాంకరేజ్ వైపు నుంచి గంటకోసారి, అర గుర్తుకు, అంటే 9:30, 10:30 అలా వదులుతారు. విట్టియర్ వైపు నుంచి గంట గుర్తుకు వదులుతారు. ఆ విడత రెండు నిమిషాల తేడాతో తప్పితే పోయేది రెండు నిమిషాలు కాదు, గంట. పడవ 12:30కి ఉంటే 10:30 సొరంగం పట్టుకోవాలి, 11:30ది కాదు.

సియాటిల్ నుంచి ఏడు రోజుల పెద్ద ఓడ ఎక్కిద్దామనుకునే పిల్లలకు ఒక హెచ్చరిక. ఆ ఓడలు విదేశీ జెండావి. అమెరికా చట్టం ప్రకారం మధ్యలో ఒక విదేశీ రేవు తాకి తీరాలి కాబట్టి ఎక్కువగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. ఇండియన్ పాస్‌పోర్టు మీద పోయే అమ్మానాన్నలకు కెనడా వీసా కావాలి, అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. ఇది చివరి నెలలో తెలిసి టికెట్లు వదులుకున్న కుటుంబాలున్నాయి. పైగా అది పది అంతస్తుల ఓడ. గ్లేషియర్ బేలో మంచు బ్రహ్మాండంగా కనిపిస్తుంది గానీ, ఒట్టరు పైనుంచి కొబ్బరికాయంత కనిపిస్తుంది. కొన్ని ఓడలు పోయే ట్రేసీ ఆర్మ్ అనే సముద్రపు పాయలో 2025 ఆగస్టు 10న కొండచరియ విరిగిపడి సునామీ లేచింది. రూటులో ఆ పేరుంటే ఈ ఏడాది అక్కడికి పోతుందో లేదో అడిగి కొనండి. సియాటిల్ నుంచి యాంకరేజ్‌కు మూడున్నర గంటల విమానం, ఆపైన సూవర్డ్ పడవ. ఈ దారిలో కెనడా ఊసే లేదు.

నెల కూడా టికెట్టంత ముఖ్యం. గ్రే వేల్స్ అనే తిమింగలాలు ఉత్తరానికి వలసపోయేది వసంతంలో, మే దాటితే వాటిమీద ఆశ వదులుకోవచ్చు. హంప్‌బ్యాక్ తిమింగలాలు మే నుంచి సెప్టెంబరు దాకా. సాల్మన్ చేపల వెంట తిరిగే ఓర్కాలు (నలుపు తెలుపు వేట తిమింగలాలు) మే, జూన్‌లలో ఎక్కువ. పఫిన్లు మేలో దీవులకు చేరి ఆగస్టు మధ్య దాటితే సముద్రంలోకి వెళ్లిపోతాయి, ఆ తర్వాత వచ్చినవాళ్లు ఖాళీ గూళ్లు చూసుకోవాలి. గ్రే వేల్స్ తప్ప మిగతావి చాలావరకు కలిసొచ్చేది జూన్ మూడోవారం నుంచి జులై ఆఖరు దాకా. అప్పుడు పగలు పదిహేడు నుంచి పంతొమ్మిది గంటలు. హోటల్‌లో కిటికీకి దళసరి తెర ఉందో లేదో చూసుకోవడం మర్చిపోతారు.

పడవలో మైకు మాటలు అర్థం కావాలంటే ఒక చిన్న సూత్రం. పడవ ముక్కు పన్నెండు గంటలు, తోక ఆరు, కుడిపక్క మూడు, ఎడమపక్క తొమ్మిది. కెప్టెన్ ‘రెండు గంటల దగ్గర హంప్‌బ్యాక్’ అంటే టైము చెప్పడం లేదు, ముందు కుడివైపు చూడమంటున్నాడు. ఇది ముందే చెప్పకపోతే పెద్దవాళ్లు వాచీ చూసుకుంటారు. హంప్‌బ్యాక్ నాలుగైదు సార్లు ఊపిరి వదులుతుంది, పొగమంచు చెట్టులా లేస్తుంది. తర్వాత వీపు బాగా వంచి తోక పైకెత్తిందంటే లోతుకు మునిగినట్టే, ఐదు పది నిమిషాలు రాదు. కెమెరా ఊపిరి చూసినప్పుడే సిద్ధం చేసుకోవాలి, తోక చూశాక కాదు. మగ ఓర్కా వీపు మీది రెక్క నిలువునా మనిషంత ఎత్తు ఉంటుంది, దాన్ని పొరబడే ప్రసక్తే లేదు. పఫిన్లలో పొట్ట తెల్లగా ఉంటే హార్న్‌డ్, ఒళ్లంతా నలుపై తల వెనక పసుపు కుచ్చులుంటే టఫ్టెడ్. బైనాక్యులర్ 7 లేదా 8 రెట్లది చాలు. 12 రెట్లది కొంటే ఊగే పడవలో కనిపించేది వణుకే. హంప్‌బ్యాక్‌లకు 100 గజాల లోపలికి పోకూడదని చట్టం, కాబట్టి ‘ఇంకొంచెం దగ్గరికి పోనివ్వరే’ అని సణగడం వృథా.

గ్లేషియర్ ముందు పడవ ఆగే ఇరవై ముప్పై నిమిషాలకే ఆ 200 డాలర్లు. ఇంజిన్ శబ్దం తగ్గగానే చుట్టూ చిటపటలు వినిపిస్తాయి, తాలింపులో ఆవాలు వేగుతున్నట్టు. నీళ్లలో తేలే మంచుముక్కలు కరుగుతుంటే, ఎన్నో ఏళ్లుగా లోపల నొక్కుకుపోయిన గాలి బుడగలు పగులుతున్న చప్పుడది. మంచు నీలంగా ఉండటం రంగు వేసినట్టే ఉంటుంది. గట్టిపడ్డ మంచు ఎర్ర కాంతిని మింగేసి నీలాన్ని బయటికి వదులుతుంది. మబ్బు రోజున ఆ నీలం ఇంకా చిక్కన. వాన పడుతోందని బాధపడక్కర్లేదు.

దూరం కంటికి అందదు. చెట్టు లేదు, ఇల్లు లేదు, పోల్చుకోవడానికి ఏమీ లేదు. మంచుగోడ రాయి విసిరితే తగిలేంత దగ్గరుందనిపిస్తుంది, నిజానికి అర కిలోమీటరు దాకా ఉండొచ్చు. గోడకూ మనకూ మధ్యకు ఇంకో పడవ వస్తే అప్పుడు తెలుస్తుంది, అది అగ్గిపెట్టెలా కనిపిస్తుంది. అందుకే ముక్క విరగడం ముందు కంటికి కనిపిస్తుంది, చప్పుడు సెకను పైన ఆగి చెవికి చేరుతుంది. చప్పుడు విని తల తిప్పినవాళ్లు నీళ్లు ఎగరడం మాత్రమే చూస్తారు. గోడలో ఎక్కడ చిన్న చిన్న తునకలు రాలుతున్నాయో అక్కడే కళ్లు పెట్టి, ఫోన్‌లో వీడియో ఆన్ చేసి వదిలేయాలి. పెద్దది విరిగితే చాలాసార్లు ఆ చుట్టుపక్కలే. అసలు విరగకపోవచ్చు కూడా. అది కంపెనీ చేతిలో లేదు. చలికి ఫోన్ చార్జి చప్పున దిగిపోతుంది, పవర్ బ్యాంకు లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

గ్లేషియర్ మీంచి దిగే గాలి జులైలోనూ ఎముకలు కొరుకుతుంది. డిసెంబరులో తిరుమలకు కట్టుకుపోయే శాలువా, మంకీ క్యాప్ సరిపోవు. లోపల థర్మల్, పైన స్వెటర్, ఆపైన గాలీ వానా ఆపే జాకెట్, మూడు పొరలు ఉండాలి. నూలు బట్ట తడిస్తే ఇక ఆరదు. చీర కట్టే అమ్మలకు ఆ ఒక్కరోజు చుడీదార్ మేలు. గాలికి కొంగు, ఇనుప మెట్లలో కుచ్చిళ్లు, రెండూ ప్రమాదమే. కాలికి పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి. ఇంకో విషయం కంపెనీలు చెప్పవు. సూవర్డ్‌లో ఆటుపోట్ల తేడా మూడు మీటర్లు. పడవ నిలిచే తేలే గట్టు నీటితోపాటు దిగుతుంది, దానికి వేసిన వంతెన ఆటు సమయంలో బాగా ఏటవాలుగా అవుతుంది. మోకాళ్లవాళ్లుంటే ఆ తేదీ టైడ్ టేబుల్ చూసి, పోటుకు దగ్గరగా ఉండే టైము ఎంచుకోండి. చేతికర్ర తీసుకెళ్లండి.

తిండి దగ్గర ‘వెజిటేరియన్’ అని బుకింగ్ అప్పుడే రాయించాలి, పడవలో అడిగితే చిప్స్ చేతిలో పెడతారు. తెల్లగా, క్రీము సూపులా ఉండే చౌడర్‌ను పాలు పోసిన సూపనుకుని తాగొద్దు, అందులో గవ్వల మాంసమో చేపో ఉంటుంది. వెంట బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, అల్లం మురబ్బా ఉంటే చాలు. పులిహోర కట్టుకోవాలనుకుంటే నూనె తగ్గించి, కేప్ దాటకముందే తినేయాలి. పెరుగన్నం తిరుగు ప్రయాణానికి.

చెడేది ఎక్కువగా వాతావరణమే. గాలి ముదిరితే పొద్దునే టూర్ రద్దు చేస్తారు, అప్పుడు డబ్బు వెనక్కి ఇస్తారు లేదా ఇంకో రోజుకు మారుస్తారు. చిక్కంతా సగం దారిలో వచ్చే రద్దుతో. కేప్ దాకా పోయి, అలలు చూసి కెప్టెన్ వెనక్కి తిప్పితే, ఆరు గంటల టికెట్‌కు నాలుగు గంటల టూరే దక్కుతుంది. అప్పుడు ఎంత వెనక్కిస్తారో, అసలు ఇస్తారో లేదో షరతుల్లో చదివి టిక్కు పెట్టండి. మధ్యవర్తి సైటులో కొంటే మార్పు కోసం ఆ సైటుకూ కంపెనీకీ మధ్య తిరగాలి, నేరుగా కొనడమే సులువు. పడవ రోజును ట్రిప్పు చివర పెట్టొద్దు. మొదటి రోజుల్లో పెట్టి, వెనక ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. గంట ముందే కౌంటర్ దగ్గరుండాలి, ఆలస్యమైనవాళ్ల కోసం పడవ ఆగదు.

రద్దయిన రోజుకు ఊళ్లోనే రెండు ఆసరాలున్నాయి. వానైతే అలాస్కా సీలైఫ్ సెంటర్, అద్దం వెనక పఫిన్లు నీళ్లలో రెక్కలతో ఈదడం అక్కడే కనిపిస్తుంది, పడవ మీంచి కనిపించదు. వాన లేకపోతే ఎగ్జిట్ గ్లేషియర్, కారు దిగి కాలిబాటన పోవడమే. దారి పొడుగునా ఏ ఏడాది మంచు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే సంవత్సరాల బోర్డులు నాటి ఉంటాయి. బోర్డుకీ బోర్డుకీ మధ్య నడిచేది ఒకప్పటి మంచు కింద నేల. దీనికి టికెట్ లేదు.